మా అత్త కడిగిన మొహం

మా ఊరికి బస్సు రావడం ఎంత అరుదంటే, అది వచ్చిన రోజున కుక్కలు మొరగడం మర్చిపోయి, పక్కకి తప్పుకుని దారిచ్చేవి. ఇందులో కోత లేదు. ఉంటే కాస్త ఉంటుంది, అదే నా బతుకుతెరువు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఆటో నాది. అందులో ఎక్కినవాడు దిగేలోపు మా కొండల గురించి, మా గాలి గురించి వినని సంగతంటూ ఉండదు. ఒకసారి మా టీకొట్టువాడి గొడుగు గాలికి ఎగిరిపోయి, మర్నాడు వానను వెంటబెట్టుకుని తిరిగొచ్చిందని చెబితే పట్నం మనుషులు నోరు తెరుచుకుని వినేవారు. ఇంత తెలివి ఏ చదువుతో వచ్చిందని అడుగుతారేమో, ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. నేను మానేశానని మాస్టారు అంటారు. నాకు చెప్పడానికి ఇంకేం మిగలక బడే నన్ను వదిలేసిందని నేనంటాను. నేను బయటికొచ్చాక పిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి బడే మూతబడిందంటే, ఎవరి మాట నిజమో మీరే తేల్చుకోండి.

అయితే ఇది నా కథ కాదు. మా మేనత్త కథ. నాకు కోతలు ఎంత బాగా వచ్చో, ఆవిడకి అబద్ధం అంత చేతకాదు. ఒకసారి మా మావయ్య, నిచ్చెన అడగడానికి వచ్చిన పొరుగాయనకి దొరక్కుండా గదిలో దూరి, "నేను లేనని చెప్పు" అన్నాడు. అత్త గుమ్మంలోకి వెళ్ళి, "ఇంట్లోనే ఉన్నాడు. లేనని చెప్పమంటున్నాడు" అని చెప్పి వచ్చింది. ఆ రోజు నుంచి మావయ్య తప్పించుకోవాలనుకుంటే గోడ దూకేవాడు.

రెండో సంగతి, శుభ్రం. ఆవిడ గుమ్మం దగ్గర ఈగలు కూడా కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేవి. గిన్నెలు తోమే పీచుని తోమేది. బకెట్టుని కడిగిన నీళ్ళు పారబోసి, అవి పడ్డ చోటు కడిగేది. ఊరంతా ఆవిడని తళతళ అని పిలిచేది. వెనకాల కాదు, ఎదురుగానే. పిలిస్తే పలికేది కూడా.

ఊరవతల మేకలు తిరిగే మట్టిదిబ్బ ఒకటి ఉంది. దాని కింద ఎప్పటిదో పాత ఊరు ఉందని కనిపెట్టి తవ్వకాల మేడం వచ్చింది. పెద్ద టోపీ, మోకాళ్ళ దగ్గర మాసిన ప్యాంటు, మెడలో తాడుకి కట్టిన కళ్ళజోడు. దిబ్బ మీద మేకులు కొట్టి, దారాలు లాగి, గళ్ళు గళ్ళుగా చేసి తవ్వించడం మొదలుపెట్టింది. మూతబడిన మా బడే ఆవిడ ఆఫీసు. నేను కూర్చుని నిద్రపోయిన బల్ల మీద మట్టి తట్టలు పెట్టుకునేది. "మేడం, ఆ బల్ల మీద ఏది పెట్టినా ఎక్కదు, నాకు తెలుసు" అంటే పగలబడి నవ్వింది. ఆవిడ గట్టిగా నవ్వగా నేను చూసింది అప్పుడే.

మగవాళ్ళకి తవ్వే పని, మోసే పని. అత్తకి పెంకులు కడిగే పని ఇచ్చింది. రేకుల షెడ్డు కింద రెండు తొట్లు. తట్టలో వచ్చిన కుండపెంకుల్ని మొదటి తొట్లో నానబెట్టాలి, రెండో తొట్లో పళ్ళ బ్రష్షుతో మట్టి వదిలేదాకా రుద్దాలి, తర్వాత వల మీద నీడకి ఆరబెట్టాలి. బంగారం లాంటి పని దొరికిందని అత్త మురిసిపోయింది. ఎన్ని వందల ఏళ్ళ మురికో అంతా ఆవిడ కోసమే దాచిపెట్టినట్టు వచ్చేది. ఇంట్లో మురికి అయిపోయాక ఏం చేస్తుందో పాపం అనుకునేవాణ్ణి, ఆ బెంగా తీరింది.

"ఏమత్తా, ఆ పెంకుల్ని అంతలా తోముతున్నావు, అందులో వండుకుంటావా ఏంటి?"

"నోర్ముయ్యరా కోతలరాయుడూ. ఎవరో ఒక ఆడమనిషి ఎంగిలి గిన్నె వదిలేసి పోయింది. ఇన్నాళ్ళకి కడిగిపెడుతున్నా."

మా మావయ్య రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. క్వారీ మూతబడ్డాక అరుగు మీద కూర్చుని రోడ్డుని చూడటమే పనిగా ఉండేది. తవ్వకాల్లో గోడలు బయటపడుతున్నాయని, చూడటానికి మనుషులొస్తారని మాట పుట్టగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పెరట్లో కట్టెల కొట్టం పీకించి రెండు గదులు వేయించాడు. నీలం రంగు రేకు మీద తెల్ల అక్షరాలతో లాడ్జి అని రాయించి గుమ్మం పైన కొట్టాడు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ రేకు కింద కుర్చీలో కూర్చునేవాడు. అతిథులు రాలేదు. చొక్కా మాత్రం మాయలేదు, అత్త ఉంది కదా.

గదుల్లో మంచాల మీద తెల్ల దుప్పట్లు పరిచింది అత్త. వారం వారం తీసి ఉతికి ఆరేసి మళ్ళీ పరిచేది.

"ఎవరూ పడుకోని దుప్పటి ఉతకడమేంటత్తా?"

"పడుకోకపోతే మాయదా? దుమ్ము పడటానికి మనిషి కావాలా?"

మావయ్య కుర్చీలోంచే అందుకునేవాడు. "రానీరా, ఒక్కడు రానీ. ఒక్కడు ఆ దుప్పటి మీద పడుకుని వెళ్ళి ఇంకొకడికి చెబితే చాలు. మీ అత్త ఉతికిన దుప్పటి మీద పడుకున్నవాడు ఇంటికి పోనంటాడు." అత్త కొంగుతో మొహం తుడుచుకునేది. సిగ్గుపడటం అంటే ఆవిడకి అదే. ఆ గదుల్లో ఒక్క మనిషి నిద్రపోవడం, ఆ మనిషికి పొద్దున్నే తను వేడినీళ్ళు పెట్టడం, అంతకు మించి ఆవిడ దేన్నీ కోరుకోలేదు. అది నాకు బాగా తెలుసు.

అలాంటి రోజుల్లో తవ్వకంలో మట్టిముద్ద ఒకటి దొరికింది. చూడటానికి అరచెయ్యంత ముద్ద, అంతే. మేడం దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా బడిగదిలో నా బల్ల మీద పెట్టుకుని, మెత్తటి బ్రష్షుతో ఒక పక్కన మట్టి రాల్చుకుంటూ పోయింది. ఆ పక్క ఒక కన్ను బయటపడింది. కొంచెం చెంప. పెదవి చివర, పైకి తిరిగి ఉంది. సగం మొహం, సగం నవ్వు. రెండో పక్క ఇంకా మట్టిలోనే ఉంది.

మేడం ఫోటో తీసి పైకి పంపింది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అప్పుడే దానికి నవ్వుమొహం అని పేరు పెట్టేశారు. టూరిజం వాళ్ళు స్వయంగా వచ్చి చూస్తారట. నచ్చితే ఇక్కడే ఒక చిన్న మ్యూజియం, రోడ్డు, రోజూ బస్సు. ఆ నవ్వుని ఎంత పెద్ద బోర్డు మీద వేస్తారో టీకొట్టువాడు చేతులు చాచి చూపించాడు, చాచిన చేతికి తగిలి గ్లాసులు పడ్డాయి. మావయ్య లాడ్జి రేకుకి రెండో విడత రంగు వేశాడు. నేను ఆటో వెనక నవ్వుమొహం సర్వీసు అని రాయించాను. రాయించి నిలబడి చూసుకుంటే నా నవ్వే బాగుందనిపించింది.

టూరిజం వాళ్ళు వచ్చే రోజు వచ్చింది. వాళ్ళ కారు వాగు దగ్గర ఇసుకలో కూరుకుపోయిందని కబురొచ్చింది. మేడం నన్ను కేకేసి ఆటో ఎక్కింది. ఎక్కుతూ అత్తతో అంది, "అక్కా, వాళ్ళని తీసుకొస్తాను. ఈలోగా గది కాస్త శుభ్రం చేసిపెట్టండి."

ఆ మాట మా అత్తతో కాకుండా ఇంకెవరితో అన్నా సరిపోయేది.

తర్వాత జరిగింది ఆవిడ నోటితో చెప్పిందే చెబుతున్నాను, నా సొంతం ఏమీ కలపలేదు. గది ఊడ్చింది. నేల తుడిచింది. కిటికీ చువ్వలు ఒక్కొక్కటే తుడిచింది. బల్ల మీద గుడ్డ మార్చబోతే ముద్ద కనబడింది. ఒక కన్ను తెరుచుకుని చూస్తోంది, రెండో పక్కంతా బురద. "ఇంటికి పెద్దవాళ్ళు వస్తుంటే పిల్ల మొహం అలా వదిలేస్తామా ఒరేయ్? నువ్వు చెప్పు" అని నన్ను అడిగింది తర్వాత. అప్పటిదాకా ఆ దిబ్బలోంచి ఆవిడ చేతికి వచ్చినవన్నీ కుండపెంకులే. కాల్చినవి. నీళ్ళలో వేస్తే మట్టి పోయి పెంకు మిగిలేది. కాల్చని మట్టితో కూడా బొమ్మలు చేస్తారని, వాటికి నీళ్ళు తగలకూడదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. అలాంటివి మేడం షెడ్డు దాకా రానిచ్చేది కాదు. బేసిన్లో నీళ్ళు పట్టింది. పిల్లకి తలంటేటప్పుడు పట్టుకున్నట్టు ఎడం చేత్తో కింద పట్టుకుని, కుడిచేత్తో నీళ్ళు పోసింది. బ్రష్షు కూడా వాడలేదు, నొప్పెడుతుందని.

కారుని ఇసుకలోంచి లాగి, వాళ్ళకంటే ముందు నేను ఆటోలో వచ్చేశాను. గది తళతళలాడుతోంది. అత్త బేసిన్లో చేతులు పెట్టి నిలబడి ఉంది. నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. నన్ను చూసి, "అల్లుడూ, ఈ నీళ్ళు పారబొయ్యకు. అందులోనే ఉంది" అంది.

నేను చెయ్యి పెట్టి వెతికాను. అడుగున మెత్తగా జారిపోయింది, అంతే.

వెనకాలే వాళ్ళొచ్చారు. నల్ల కళ్ళద్దాల ఆయన బల్ల వైపు చూశాడు. ఉతికిన గుడ్డ మీద ఏమీ లేదు.

"ఏదండీ మేడం, మీ నవ్వుమొహం?"

మేడం బల్లని చూసింది, బేసిన్ని చూసింది, అత్త మోచేతుల దాకా ఉన్న ఎర్రమట్టిని చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "పొరపాటు నాదే. మూత పెట్టకుండా బల్ల మీద వదిలి వచ్చాను" అని, ఫోన్లో ఉన్న ఫోటో చూపించింది. నల్లద్దాలాయన అద్దాలు నుదుటి మీదకి తోసి చూశాడు.

"ఒక్క కన్నేగా మేడం ఇందులో."

"అవును."

"సగం మొహానికి మ్యూజియం కట్టమని మేం ఎవర్ని అడుగుతాం చెప్పండి?"

వాళ్ళు మర్యాదస్తులే. టీ తాగారు. మావయ్య ఇస్త్రీ చొక్కాలో వచ్చి, భోజనం చేసి రాత్రికి ఉండి వెళ్ళమని చేతులు కట్టుకుని అడిగాడు. గదులు చూపిస్తానన్నాడు. చీకటి పడేలోపు వాగు దాటాలని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం మేడం అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. చేతిలో కాగితం, పెన్సిలు.

"అక్కా, మట్టి పోయాక బొమ్మ కరిగేలోపు రెండో పక్క కనబడి ఉంటుంది కదా. చూశారా?"

అత్త తలూపింది.

"లోకంలో మీరొక్కరే చూశారు. నెమ్మదిగా చెప్పండి, నేను గీస్తాను. కన్ను ఎలా ఉంది?"

"కన్ను... కన్నులాగే ఉందమ్మా."

"పెద్దదా, చిన్నదా?"

"మొహానికి సరిపడా ఉంది."

"ముక్కు?"

"ఉంది."

"నోరు? ఇటువైపు లాగే నవ్వుతూ ఉందా?"

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది. అప్పటికే తుడుచుకున్న చేతులు. మేడం పెన్సిలు జేబులో పెట్టుకుంది. మర్నాడు మళ్ళీ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. నేను ఉండబట్టలేక, "మేడం, నేను చెప్తా రాసుకోండి. దానికి మీసం ఉంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా బతుకులో నా మాటకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదలు.

తవ్వకాలకి పైనుంచి రావలసిన డబ్బు ఆగిపోయింది. కాపలా పెట్టలేని తవ్వకాన్ని తెరిచి ఉంచకూడదట, మళ్ళీ కప్పెట్టి పోవాలట. అది ఆ పనిలో పద్ధతి. గుంటల అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచారు, తర్వాత ఎప్పుడైనా ఎవరైనా తవ్వితే ఎక్కడిదాకా వచ్చామో తెలియడానికి. దాని మీద మట్టి పోశారు. తవ్విన చేతులే తట్టలు ఎత్తాయి. అత్త గట్టు మీద నిలబడి చూస్తోంది. నేను పక్కకి వెళ్ళాను. ఆవిడ గుంటలోకి చూస్తూనే, నేను అడక్కుండానే అంది.

"అటువైపు నవ్వు లేదురా."

"ఏంటత్తా?"

"అటువైపు పెదవి కిందకి ఉంది. ఏడ్చే మొహంరా అది. అందరూ నవ్వుమొహం, నవ్వుమొహం అని ఎంత సంబరపడ్డారు. ఆ నవ్వొక్కటీ కూడా నేనే తీసెయ్యనా? మేడం అడిగితే నోరు పెగల్లేదు."

వెళ్ళేటప్పుడు మేడం, అత్తవి రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత ఆటో ఎక్కింది. వాగు దాకా దింపి వచ్చాను. దారి పొడవునా ఒక్క కోత కూడా నోటికి రాలేదు.

తర్వాత ఊరు ఎగతాళి మొదలుపెట్టింది. టీకొట్టువాడు నన్ను చూసి గట్టిగా, "ఒరేయ్, మీ అత్తని ఒకసారి పంపరా, ఈ గ్లాసులు కడగాలి. అవీ కరిగిపోతే పీడా పోతుంది" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. అత్త అప్పుడే కుళాయి దగ్గర బిందె దింపుతోంది. విన్నది. బిందె నింపకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. వేరే రోజైతే ఆ జోకు నేనే వేసేవాణ్ణి, వాడికంటే బాగా.

మావయ్య ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. "పోన్లే" అన్నాడు. ఆ పోన్లే ఇంట్లో రోజూ వినబడేది. టీ చల్లారితే పోన్లే, దీపం ఆరితే పోన్లే. కొన్నాళ్ళకి పట్నంలో ఏదో హోటల్లో కాపలా పని దొరికిందని వెళ్ళాడు. ఎవరి లాడ్జి ముందో ఇస్త్రీ చొక్కాలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. వచ్చిన అతిథులకి తలుపు తీస్తాడట. అప్పుడప్పుడు ఇంటికి వస్తాడు. వచ్చినప్పుడు పెరటి గదుల వైపు చూడడు.

అత్త దుప్పట్లు ఉతకడం మానేసింది. మొదట దుప్పట్లు, తర్వాత కిటికీలు, తర్వాత గుమ్మం. గిన్నె కడగడానికి నీళ్ళలో చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోతుంది. నేను వెళ్ళి చెయ్యి బయటికి తీస్తాను. ఆ ఇంట్లోకి ఈగలు ఇప్పుడు కాళ్ళు తుడుచుకోకుండానే వస్తున్నాయి. ఆ బేసిన్ మాత్రం బడిగదిలోంచి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టుకుంది. నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయాయి. అడుగున ఎర్రమట్టి ఎండి నెర్రెలిచ్చింది. దాన్ని ఎవరినీ తాకనివ్వదు, తనూ తాకదు.

మొన్న, ఎండ కాస్త తగ్గాక, వాగు అవతల ఒక ముసలాయన చెయ్యెత్తాడు. భుజాన గుడ్డసంచీ, చేతిలో సన్నటి పుస్తకం. నా ఆటోలో బయటి మనిషి ఎక్కి ఎంత కాలమైందో, కుక్కలు కూడా నాతో పాటు నమ్మలేదు. మేడం ఎక్కడో చిన్న పుస్తకం రాసిందట, అందులో రెండు వాక్యాలు మా ఊరి గురించి ఉన్నాయట. బొమ్మ పోయిందని, అయితే దాని పూర్తి మొహాన్ని చూసిన మనిషి ఒకావిడ ఉందని. ఆయన ఆ మాట పట్టుకుని రెండు రైళ్ళు మారి వచ్చాడు.

"ఆవిడ చూసిందంటావా నిజంగా?"

"మా అత్తేనండీ" అన్నాను. నా ఛాతీ ఆటోలో పట్టలేదు. గొడుగు కథ, గాలి కథ, అన్నీ చెప్పాను. ఆయన బాగా నవ్వాడు. రాత్రికి ఉండటానికి గది దొరుకుతుందా అని అడిగాడు. ఆ మాటకి బ్రేకు తొక్కానో యాక్సిలేటరు తొక్కానో నాకే తెలియలేదు.

అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. జుట్టు చెదిరి ఉంది. ఆయన నమస్కారం పెట్టి, చెప్పులు విప్పి, కింద మెట్టు మీద కూర్చున్నాడు. పుస్తకం తెరిచి ఫోటో చూపించాడు. ఒక కన్ను, సగం నవ్వు.

"అమ్మా, రెండో వైపు మీరు చూశారట. అది వినడానికే వచ్చాను."

అత్త ఫోటో వంక చూడలేదు.

"అటువైపు ఏమీ లేదయ్యా."

"అంటే?"

"మొహమే లేదు. మట్టే. కడిగితే మట్టి పోయింది. అంతే."

"మేడం రాశారమ్మా, మీరు చూశారని."

"మేడం మంచిది. నా మీద జాలికొద్దీ రాసింది."

ఆయన పుస్తకం మూశాడు. వేలు పేజీలోనే ఉంది. లాడ్జి రేకు వైపు తల ఎత్తాడు. రంగు పెచ్చులు లేచినా అక్షరాలు తెలుస్తున్నాయి. "పోనీ ఇవాళ ఇక్కడ ఉంటానమ్మా. ఉదయం ఆ దిబ్బ చూసి వెళ్తాను. గది ఉంది కదా?"

"లేదు" అంది అత్త.

ఆవిడ వెనకాల రెండు గదులూ కనబడుతూనే ఉన్నాయి. తలుపులకి తాళాలు. పగిలిన కిటికీలోంచి మంచం మీద దుప్పటి. తెలుపు కాదు, దిబ్బ రంగు. నేను "అత్తా" అన్నాను. ఆవిడ నా వైపు ఒక్క చూపు చూసింది.

"గదులు ఎప్పుడూ లేవయ్యా. ఆ రేకు ఎవరో ఊరికే కొట్టారు. చీకటి పడేలోపు వాగు దాటు."

ఆయన్ని మళ్ళీ ఆటో ఎక్కించుకున్నాను. వాగు దగ్గరికి వచ్చాక దిగి, సంచీ భుజానికి తగిలించుకుని నా మొహంలోకి చూశాడు.

"నువ్వు చెప్పినవన్నీ కోతలని నాకు తెలుసు బాబూ. ఇది మాత్రం నిజం చెప్పు. ఆవిడ చెప్పింది నిజమేనా? అక్కడ ఏమీ లేదా?"

కిందకి వంగిన ఆ పెదవి, ఆ గట్టు మీద నిలబడి అత్త అన్న మాట నాలుక చివరికి వచ్చాయి. ఆ కథ నాకున్న కథలన్నింటిలోకీ పెద్దది. దానికి ఒక్క మాట కూడా కలపక్కర్లేదు.

"మా అత్త అబద్ధం చెప్పదండీ" అన్నాను. "ఊళ్ళో ఎవర్నైనా అడగండి."

ఆయన నమ్మాడు. నేను చెప్పినవాటిలో ఆయన నమ్మింది అదొక్కటే.